నాయనమ్మ బొంతలో తాతయ్య పంచె

1984లో సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి మా నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి కింద పడింది. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. బొంత ఒక మూల ఎలుక కొరికేసి గుప్పెడంత కన్నం పెట్టింది. అమ్మ చూసి "ఇంకేటి పనికొస్తాది, భోగిమంటలో పడీ" అంది. పెరట్లోకి మోసుకెళ్తూ ఆ కన్నంలోకి చూశాను. పైన వెలిసిపోయిన ఎర్రచీర. దాని కింద నీలం గళ్ల లుంగీ. దాని కింద ఇంకో చీర. అన్నిటికంటే లోపల మీగడ రంగులో పల్చటి గుడ్డ. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియలేదు.

బొంత విప్పడానికి మూడు రోజులు పట్టింది. నాయనమ్మ కుట్టు వడ్లగింజ పొడవు ఉండేది, ఒక్కటీ వంకర పోదు. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే ప్రాణం ఉసూరుమంది. లోపలి గుడ్డ బయటకు వచ్చాక అమ్మ దాని అంచు చూసి వెంటనే పోల్చుకుంది. "మీ తాతది. పొందూరు పంచె. పెళ్లిళ్లకీ, పైడితల్లమ్మ పండక్కీ కట్టీవోరు" అంది. తాతయ్య పోయేనాటికి నాకు ఐదేళ్లు. ఆయనది ఒక్క ఫొటో లేదు. చేతికర్ర ఏమైందో, చెప్పులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. పంచె మాత్రం అన్నేళ్లూ మా మధ్యనే ఉంది. చలికాలం పిల్లలందరం కలిసి కప్పుకున్నది దాన్నే.

మా చీపురుపల్లి వైపు ఇళ్లల్లో బట్టని దాచిపెట్టుకోవడం అనేది లేదు. పంచె చిరిగితే తువ్వాలు అవుతుంది. తువ్వాలు పల్చబడితే పసిపిల్లలకి పొత్తిగుడ్డ. అదీ పోతే దీపంలో వత్తి. చీరైతే ముందు ఉయ్యాల, తరవాత బొంత. ఎంత మంచి నేత అయితే అంత మెత్తగా ఉంటుంది కాబట్టి, మంచి బట్టే ముందుగా ఈ దారి పట్టి అరిగిపోతుంది. మన వైపు పాత నేతబట్టలు దొరకవంటే కారణం అదే. ఎవరో ఎత్తుకుపోయి కాదు, వాడుకుని వాడుకుని అయిపోయాయి.

ఆ ఏడు భోగిమంటలో మా ఇంటి నుంచి గుడ్డపేలిక పడలేదు. నేను పాత బట్టలు పోగుచెయ్యడం అప్పుడు మొదలైంది.

ఆ ఫిబ్రవరిలోనే పంచె మడతపెట్టి సంచిలో వేసుకుని, చీపురుపల్లిలో పాసింజరు ఎక్కి పొందూరులో దిగాను. దారి అడుగుతూ పట్టుసాలీల వీధికి చేరాను. పొందూరులో ఈ సన్ననూలు వడికేది ఎక్కువగా ఆ ఇళ్ల ఆడవాళ్లే. అరుగు మీద కూర్చుని పత్తి దువ్వుతున్న ఒక ముసలమ్మ "ఎవులు బాబూ నువ్వు?" అని అడిగింది. నేను మాట్లాడకుండా పంచె తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. కళ్లకి ఆనించుకుని చూడలేదు. కళ్లు మూసుకుని, బొటనవేలు పడుగు మీద ఒకసారి, పేక మీద ఒకసారి నడిపింది. "మావోలు వడికిందే" అంది. ఈ మీగడ రంగు ఎలా అద్దారని అడిగాను. "అద్దకం కాదు బాబూ, పత్తిదే ఆ రంగు" అంది.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయాను. ఆవిడ చేతిలో ఉన్న పనిముట్టు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. వాలుగ చేప దవడ ఎముక. కొడవలి లాగ కొంచెం ఒంపు తిరిగి ఉంది. దాని మీది పళ్లు దూరం నుంచి గరుకు కాయితంలా కనిపించాయి. దగ్గరగా చూస్తే వందల సూదిమొనలు, కిక్కిరిసి, అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. నీళ్లలో దొరికిన చిన్న చేపను జారిపోకుండా పట్టుకోవడానికి దేవుడిచ్చిన పళ్లు అవి. గింజతో ఉన్న పత్తిని ఎడమచేతి వేళ్ల మధ్య బిగించి, కుడిచేత్తో ఆ దవడ పెట్టి దువ్వుతుంటే చెత్తా నుసీ రాలిపోయి, పోగులన్నీ పాపిడి తీసిన జుట్టులాగ ఒక వైపుకి పడుకుంటున్నాయి. ఇనుప దువ్వెన ఎందుకు వాడరని అడిగాను. తెగిపోద్దంది. ఎముక లాగదట, ఇనుము లాగుతుందట.

దువ్విన పత్తిని చెక్కపలక మీద పెట్టి సన్నటి ఇనుపకడ్డీ దొర్లిస్తే గింజ పక్కకి జారిపోతుంది. ఆ దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో దాస్తారు, దుమ్ము అంటకుండా. ఆ అరటిదొప్ప పొట్లం విప్పినప్పుడు లోపల ఏకు చూశాను. పట్టుకోవడానికి భయం వేసింది, ఊపిరి తగిలినా కదులుతోంది. తరవాత 24 ఆకుల రాట్నం, ఒకే కదురు. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమచెయ్యి పైకి, వెనక్కి, నెమ్మదిగా, బావిలోంచి చేద తోడుతున్నట్టు వెళ్తుంది. చెయ్యి పూర్తిగా చాపేసరికి మధ్యలో ఉన్న నూలు వెలుగు పడితే తప్ప కనిపించదు. ఎండగాలి కొడితే తెగిపోద్దని ఆవిడ తలుపు ఓరగా వేసే వడికేది.

వంద నంబరు నూలు అంటారు అక్కడ. నంబరు లెక్క తరవాత తెలుసుకున్నాను. పౌను పత్తిలోంచి 840 గజాల నూలు తీస్తే ఒకటో నంబరు. వందో నంబరు అంటే అదే పౌనులోంచి 84,000 గజాలు. కిలోమీటర్లలో 76 పైచిలుకు. అరకిలో కూడా లేని పత్తి, సాగదీస్తే శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా వచ్చి ఇంకా మిగులుతుంది. అదంతా ఒక మనిషి చేతివేళ్ల మధ్యనుంచి వెళ్లాలి. ఈ లెక్క తెలిశాక నాకు పొందూరు పంచె ధర ఎక్కువనే మాట వింటే బాధేస్తుంది.

గాంధీగారు ఈ నూలు గురించి విని, పని చూసి రమ్మని తన కొడుకు దేవదాస్‌ను పొందూరు పంపించారు. 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. అక్కినేని నాగేశ్వరరావుగారి పంచెకట్టు వల్ల సినిమా చూసేవాళ్లకి కూడా పొందూరు పేరు తెలిసింది. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఆ అరుగు మీద కూర్చున్న ముసలమ్మ పేరు మాత్రం నేను అడగలేదు. వచ్చేటప్పుడు ఆ నెల జీతంలో మూడోవంతు పెట్టి కొత్త పంచె కొన్నాను, అదీ ఎవరు వడికిందో, ఏ మగ్గం మీద నేసిందో రాసుకోలేదు. మళ్లీ నాలుగేళ్లకి వెళ్తే ఆ ఇల్లు తాళం వేసి ఉంది. ఇప్పటికీ నా దగ్గరున్న వాటిల్లో మొదటి ఐదారింటికి ఊరి పేరు తప్ప మనిషి పేరు లేదు. వాటిని చూసినప్పుడల్లా అది గుచ్చుకుంటుంది.

నేను పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటుగా చేసేవాణ్ని. ఊళ్లల్లో అందరికీ నేను డాక్టరు బాబునే. 1988లో సీతంపేట వైపు వేశారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వానలకి ముందు గొంతువాపు టీకాలు వెయ్యడానికి కొండ మీద సవర గూడేలకి నడిచి వెళ్లేవాళ్లం. ఒక ఇంట్లో ఎద్దుకి సూది వేసి చేతులు కడుక్కుంటుంటే, తెరిచిన తలుపులోంచి వెలుగు పడి లోపల గోడ కనిపించింది.

ఎర్రమట్టి అలికిన గోడ. దాని మీద వరిపిండితో తెల్లటి బొమ్మలు. చుట్టూ చట్రంలా గీతలు, లోపల వరసలు వరసలుగా మనుషులు. ఒక్కో మనిషికీ మొండెం రెండు త్రికోణాలు, మొన మీద మొన. నాట్యం చేసేవాళ్లు చేతులు చేతులు పట్టుకుని ఉన్నారు. గుర్రం మీద ఒకడు, ఏనుగు, నెమలి, చెట్టు, సూర్యుడు, చంద్రుడు. పుల్ల చివర నలిపి కుంచె చేసుకుని గీసినవి. నేను అప్పటికి నాలుగేళ్లుగా పోగుచేస్తున్నవాణ్ని. మొదట నోట్లోంచి వచ్చిన మాట "ఇలాంటిది నాకొకటి ఎలా దొరుకుతుంది?" అని. ఇంటాయనకి తెలుగు బాగా వచ్చు. "గోడ పట్టికెళ్తావేటి బాబూ?" అన్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు.

అది అలంకారానికి వేసింది కాదని తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఇంట్లో జబ్బు వచ్చినా, చచ్చిపోయిన పెద్దలు కలలోకి వచ్చి ఏదైనా అడిగినా, పంట చేతికొచ్చినా పూజారి చెప్పిన ప్రకారం బొమ్మ వేస్తారు. వేసి, పూజ చేసి, పెద్దల్ని అందులోకి పిలుస్తారు. ఆ పని అయిపోయాక కొన్నాళ్లకి గోడ అలికేస్తారు, మళ్లీ అవసరం వస్తే మళ్లీ వేస్తారు. మరుసటి ఏడు టీకాలకి వెళ్లినప్పుడు చూశాను, నేను చూసిన బొమ్మ లేదు. అదే గోడ మీద వేరేది ఉంది, అందులో ఒకడు సైకిలు తొక్కుతున్నాడు. పాత బొమ్మ పోయిందని నాకు దిగులు. ఆ ఇంట్లో ఎవరికీ అలాంటి దిగులు ఏమీ లేదు.

ఆ గోడ దగ్గర నిలబడ్డ రోజున నా పనిమీద నాకే మొదటిసారి అనుమానం వచ్చింది. బొంతలోంచి పంచె తీశాను సరే, నాయనమ్మ అడిగి ఉంటే ఒప్పుకునేదా? ఆవిడకి ఆ పంచె అక్కడ, పిల్లల ఒంటి మీద ఉండటమే ఇష్టం కాబట్టే కదా అందులో పెట్టి కుట్టింది.

ఈ కొండల్లోనే గిడుగు రామ్మూర్తి పంతులుగారు తిరిగారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లో వాచకాలు రాసి, నిఘంటువు కూర్చారు. ఆయన పోగుచేసినవి మాటలు. ఎంత తీసుకున్నా ఇచ్చినవాళ్ల దగ్గర ఒక్కటి తగ్గదు. బట్ట అలా కాదు. నేనొకటి తెచ్చుకుంటే అక్కడ ఒకటి తగ్గుతుంది. అందుకే అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వాడకంలో ఉన్నదాన్ని అడగను. వాళ్లంతట వాళ్లు పక్కన పడేసినదైతేనే తీసుకుంటాను, ఊరికే ఇస్తామన్నా డబ్బు ఇవ్వకుండా తీసుకోను. పశువులకి మందు వేసినవాణ్నని మొహమాటపడి ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండేవాణ్ని.

ఇప్పుడు సవర కుర్రాళ్లు అవే బొమ్మలు కాయితం మీద, గుడ్డ మీద వేసి అమ్ముతున్నారు. గోడ మీద ఉంటేనే అసలైనదని కొట్టిపడేసేవాళ్లతో నేను ఒప్పుకోను. పూజకి వేసేది వేరు, అమ్మకానికి వేసేది వేరు అని వాళ్లకి తెలుసు. చెయ్యి అదే, ఆ రెండు త్రికోణాలూ అవే, పొయ్యి మీద బియ్యం ఉడకాలి కదా. నా దగ్గర అలాంటివి ఏడు ఉన్నాయి. ఏడింటి వెనకా వేసినవాళ్ల పేరుంది.

గొల్లల ఇళ్లతో నాకు సావాసం ఎక్కువ, గొర్రెలకి మందులు పోసేది మేమే కాబట్టి. తప్పెటగుళ్లు చూడనివాడు ఉత్తరాంధ్రలో పుట్టలేదనే చెప్పాలి. ఛాతీ మీద తప్పెటగుండు కట్టుకుని, కాళ్లకీ నడుముకీ గజ్జెలు, రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ ఎగురుతుంటే చూస్తున్నవాళ్ల గుండె కూడా ఆ దెబ్బకే కొట్టుకుంటుంది. ఒక గురువుగారు చర్మం చిట్లిన తన పాత తప్పెటగుండు నాకు ఇచ్చారు. ఛాతీకి ఆనే వైపు చెమటకి నల్లబడి అద్దంలా నున్నగా అయింది. మెడలో వేసుకునే తాడు చూస్తే, అది తాడు కాదు. చీర అంచు చీల్చి జడ అల్లినట్టు అల్లింది. ఎవరి చీర అని అడిగాను. "మా ఆడమనిసిది. మెడ కోసుకోదని అదే అల్లింది" అన్నారు. ఆ జడలో ఇంకా పసుపు అంచు రంగు కనిపిస్తుంది. తప్పెట కంటే నాకు ఆ జడ ముఖ్యం.

సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ దాకా ఒకే ఒక్కసారి వెళ్లాను, 1996లో. అక్కడ మిర్గాన్ నేతగాళ్లు ఆల్ అనే చెట్టు వేరు బెరడుతో నూలుకి రంగు వేస్తారు. ముందు ఆ నూలుని ఆముదంలో, బూడిదలో, పేడనీళ్లలో నానబెట్టి ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, వారాల తరబడి తయారు చేస్తారు, అప్పుడుగానీ రంగు పట్టదు. ఎండుమిరపకాయ ఎరుపు నుంచి కాఫీగింజ రంగు దాకా వస్తుంది. అంచుల్లో పీత, చేప, గొడ్డలి బొమ్మలు మగ్గం మీదే నేస్తారు. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను తెచ్చుకున్నది ఒక్క దుప్పటి. ఇప్పటికీ వానాకాలం దాన్ని విప్పితే సన్నగా ఆముదం వాసన వస్తుంది, ఆ బస్సు ప్రయాణం గుర్తొస్తుంది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఒకసారి ఒక ప్రదర్శనకని అడిగితే రెండు పాత చీరలు, ఒక చేతినేత దుప్పటి ఇచ్చాను. కాయితం రాయించుకోలేదు. ప్రదర్శన అయ్యాక ఆరు నెలలు తిరిగాను. వాళ్లని అడిగితే వీళ్లంటారు, వీళ్లని అడిగితే బదిలీ అయిపోయారంటారు. ఆ చీరల్లో ఒకటి రాజాం దగ్గర ఒక ముసలావిడ తన పెళ్లిచీర, నన్ను నమ్మి ఇచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ఊరు వైపు వెళ్లినప్పుడు నేను తల ఎత్తుకోలేకపోయాను.

రెండోది నా చేతులారా చేసింది. పొందూరులో కొన్న ఆ మొదటి పంచెను గంజి ఉన్నది ఉన్నట్టు మడతపెట్టి, ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పైన బరువైన దుప్పట్లు పేర్చాను. భద్రంగా ఉందనుకున్నాను. పదకొండేళ్ల తరవాత విప్పితే మడత ఉన్నచోటల్లా చీలిపోయింది, కత్తితో గీసినట్టు. గంజికి పురుగు పట్టింది, పెట్టె తుప్పు మరకలు అంటాయి. బొంతలో పిల్లల కాళ్ల కింద నలిగిన తాతయ్య పంచె మెత్తబడిందే గానీ చీలలేదు. ఎప్పుడూ ఒళ్లు తగలని కొత్త పంచె చీలిపోయింది. మా ఆవిడ ఆ ముక్కలు చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

అప్పటినుంచి గంజి పూర్తిగా పోయేదాకా నీళ్లలో జాడించి, బాగా ఆరాకే లోపల పెడుతున్నాం. ట్రంకుపెట్టె తీసేసి చెక్క బీరువా చేయించాను. ఒక్కోదాన్నీ ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి, మధ్యమధ్య వసకొమ్ము, ఎండబెట్టిన వేపాకు మూటకట్టి పెడతాం, ఆకు బట్టకి తగలకుండా. ఏడాదికి ఒకసారి మాఘమాసంలో అన్నీ బయటికి తీస్తాం. ఎండలో కాదు, వసారాలో నీడకి గాలి తగిలేలా. తిరిగి పెట్టేటప్పుడు పాత మడత మీద మళ్లీ మడత పడకూడదు. అందుకని ఏ ఏడు దేన్ని ఎన్ని మడతలు వేశామో నోటుబుక్కులో రాసుకుంటాం.

ఆ నోటుబుక్కులో ఇంకొన్ని కూడా ఉంటాయి. ఎవరు వడికారు, ఎవరు నేశారు, ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎందుకు పక్కన పెట్టారు. బట్ట తీసుకోకుండా ఊరికే కబుర్లు రాసుకుని వచ్చేసిన ఇళ్లు కూడా చాలా ఉన్నాయి.

మొన్న పొందూరు వెళ్లాను. వడికేవాళ్లలో నేను చూసినవాళ్లందరూ పెద్దవయసు వాళ్లే. వాళ్ల కోడళ్లూ కూతుళ్లూ ఈ పనికి రావడం లేదు. రోజంతా కూర్చుంటే వచ్చే కూలి ఏ మూలకీ చాలదు. వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా బీరువా నిండినంత మాత్రాన వాళ్ల రాట్నం ఒక్క చుట్టు కూడా ఎక్కువ తిరగదు, ఇది నాకు తెలిసి పదిహేనేళ్లు అవుతోంది. అందుకే దాచడానికి కొనడం మానేసి, కట్టుకోవడానికి ఏడాదికి రెండు పంచెలు కొంటున్నాను. రోజూ కట్టి, ఉతికి, చిరిగేదాకా కడుతున్నాను. మొన్న తెచ్చిన పంచె వడికినావిడ పేరు అడిగాను. నా నోటుబుక్కు చూసి "నా పేరెందుకు బాబూ, పంచె మీద కనిపిస్తాదేటి?" అంది, తరవాత పేరు చెప్పింది. రాసుకున్నాను.

ఆ ఎలుక కొరికిన బొంత కూడా బీరువాలోనే ఉంది. తాతయ్య పంచె తీసిన చోట అమ్మ తన పాత చీర ఒకటి పెట్టి మళ్లీ కుట్టేసింది, పిల్లలకి పనికొస్తుందని. నా పిల్లలు అందులోనే పెరిగారు. నాయనమ్మ కుట్లు ఉన్న అంచు ఒకవైపు అలాగే ఉంది, వడ్లగింజలు పేర్చినట్టు. మిగతా మూడువైపులా అమ్మ కుట్టు, కొంచెం పొడుగు.

ఈ మాఘంలో అన్నీ ఆరబెట్టాక చివరికి తాతయ్య పంచె మిగిలింది. ఎలుక కొరికిన మూల అలాగే ఉంది, అతుకు వెయ్యలేదు. ఒక కొస నేనూ ఒక కొస మా ఆవిడా పట్టుకుని వసారాలో నిలబడ్డాం. మధ్యలో గుడ్డ గాలికి కొంచెం పొంగి కిందకి దిగింది.

"పోయినసారి ఎన్ని మడతలు?" అంది.

బుక్కులో చూశాను. మూడు.

"అయితే నాలుగు" అని తన కొస నా వైపు తెచ్చింది.